మార్బరీ చైనాలో ఆడిన పాత మ్యాచ్‌లు ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారం. అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడు స్టెఫాన్ మార్బరీ చైనా కెరీర్ గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తూ మధ్యలో ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

న్యూయార్క్‌లో, బ్రూక్లిన్‌లోని కోనీ ఐలాండ్ కుర్రాడు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో రెండుసార్లు ఆల్‌స్టార్ (మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి ఎంపికైనవాడు). 2009లో బోస్టన్ జట్టులో ఆడాక అక్కడి కెరీర్ ముగిసింది. 2010లో చైనా వెళ్లి షాన్‌షీ జట్టుకి, తర్వాత ఫోషాన్ జట్టుకి ఆడాడు. అసలు కథ 2011లో బీజింగ్ డక్స్ జట్టులో చేరాక మొదలైంది: 2012, 2014, 2015లో మూడు చైనా లీగ్ టైటిళ్లు! ఇంకా ఆడుతుండగానే స్టేడియం బయట అతని విగ్రహం పెట్టారు. పరాయి దేశం నుంచి వచ్చినవాడిని ఒక ఊరు అంతగా సొంతం చేసుకోవడం నన్ను కదిలించింది.

2012 ఫైనల్ సిరీస్‌లో గ్వాంగ్‌డాంగ్ జట్టుని 4-1తో ఓడించాక అతను కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ సిరీస్ పూర్తి మ్యాచ్‌లు ఎక్కడైనా ఉన్నాయా? నాకు దొరికినవన్నీ రెండు మూడు నిమిషాల ముక్కలే. కామెంటరీ చైనీస్‌లో ఉన్నా ఫర్వాలేదు.

ఇంకొకటి. ఆ లీగ్‌లో విదేశీ ఆటగాళ్లు మ్యాచ్‌లోని నాలుగు క్వార్టర్లలో (భాగాల్లో) ఎన్ని ఆడాలన్నదానికి పరిమితి ఉండేది కదా, మార్బరీ రోజుల్లో అది సరిగ్గా ఎలా ఉండేది? చైనీస్ చదవగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.