బ్రిటన్‌లో బొగ్గు తగ్గడానికి కార్బన్ పన్నే కారణమా?

ప్రశ్న: 2012లో బ్రిటన్ విద్యుత్తులో సుమారు 40 శాతం బొగ్గు నుంచే వచ్చేది, 2024 సెప్టెంబరులో అక్కడి చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం మూతపడింది. ఇందులో 2013లో విధించిన కార్బన్ పన్ను పాత్ర ఎంతో దయచేసి వివరించగలరా?

జవాబు: పాత్ర పెద్దదేనండి. ఐరోపా ఉద్గార అనుమతుల (కార్బన్ డయాక్సైడ్ వదలడానికి సంస్థలు కొనుక్కోవాల్సిన అనుమతుల) ధర బాగా పడిపోయి ఉన్న రోజుల్లో బ్రిటన్ దానిపై అదనంగా టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 18 పౌండ్ల వరకు వసూలు చేయడంతో, యూనిట్ విద్యుత్తుకు సహజవాయువు కంటే దాదాపు రెట్టింపు కార్బన్ డయాక్సైడ్ వదిలే బొగ్గు కేంద్రాలు పోటీలో నిలవలేకపోయాయి.

మరో జవాబు: అంగీకరిస్తాను. అయితే గ్యాస్ కేంద్రాలు అప్పటికే సిద్ధంగా ఉండబట్టే అంత వేగం సాధ్యమైంది. సముద్రంలో నిలిపిన గాలిమరలు, ఐరోపా కాలుష్య నియమాలు కూడా తోడయ్యాయి. ప్రత్యామ్నాయం చేతిలో లేని రంగాల్లో ఇదే ధర ఇంత త్వరగా ఫలితమిస్తుందని నేను అనుకోను.