డామ్సెల్ చేప క్లౌన్ చేపల మీద పడి కొరుకుతోంది, ఎవరైనా దారి చెప్పండి

ఆర్ట్స్‌కాలేజీరోడ్:
మాది శ్రీకాకుళం. 40 గ్యాలన్ల ఉప్పునీటి ట్యాంకు, పెట్టి నాలుగు నెలలు. సైకిల్ కోసమని, అంటే అమ్మోనియాని తినే బాక్టీరియా ట్యాంకులో పెరగాలని, షాపాయన మాట విని మూడు బ్లూ డామ్సెల్స్ వేశాను, రెండు మిగిలాయి. పోయిన ఆదివారం వైజాగ్ నుంచి క్లౌన్ జంట తెచ్చాను. పెద్ద డామ్సెల్ వాటిని రాయి దరిదాపులకి రానివ్వట్లేదు. చిన్న క్లౌన్ తోక పీలికలైంది, పంపు వెనకాల నక్కి ఉంటోంది. ఏం చెయ్యాలి? ఎల్లో టాంగ్ కూడా వేద్దామనుకుంటున్నా, పర్లేదా? మేత రోజుకి ఎన్నిసార్లు?

కోటజంక్షన్:
ముందు ఆ షాపాయన్ని అడగండి సార్! విజయనగరంలో నాకూ ఇలాగే అంటగట్టారు. సైకిల్‌కి చేపెందుకు? ఒక పచ్చి రొయ్య పడేస్తే కుళ్ళి అమ్మోనియా అదే వస్తుంది. నా డామ్సెల్‌ని పట్టడానికి రాళ్ళన్నీ తీసి, నీళ్ళు సగం తోడాను. హాలంతా ఉప్పునీళ్ళే. సోఫా కింద మరక మా అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది.

రీఫ్‌గురు:
పదమూడేళ్ళుగా పెంచుతున్నాను కాబట్టి చెప్తున్నా. కరుస్తున్నది డామ్సెలే అని చూశారా, అనుకుంటున్నారా? క్లౌన్లు కూడా డామ్సెల్ కుటుంబమే. అన్నీ మగవిగానే మొదలవుతాయి, జంటలో పెద్దది ఆడదవుతుంది. పెత్తనం తేలేవరకు చిన్నదాన్ని అదే కరవొచ్చు. అరగంట కూర్చుని చూడండి.

కళింగతీరం:
మా ట్యాంకులో అన్నీ కలిసే ఉంటాయి, కొట్లాటే లేదు. కారణం నీళ్ళు. ప్యాకెట్ ఉప్పు కాదు, నెలకోసారి కళింగపట్నం నుంచి నాలుగు క్యాన్లు బండి మీద తెస్తాను.

ఉద్దానంకుర్రోడు:
అదేటి బాబూ, వంశధార కలిసే చోట నీళ్ళా? వరదల టైంలో రిఫ్రాక్టోమీటర్ పెట్టి ఉప్పదనం చూసావా ఎప్పుడైనా? 1.025 ఉండాల్సింది ఎక్కడికి దిగిపోద్దో!

కళింగతీరం:
నేను మొగ దగ్గర ముంచను, లైట్‌హౌస్ దాటి దూరంగా వెళ్తాను. వానల్లో అసలు తేను. తెలీకుండా మాట్లాడకండి.

రీఫ్‌గురు:
తెచ్చిన నీళ్ళు చీకట్లో నిలవ ఉంచి వడగడతారా, అలాగే పోసేస్తారా?

కళింగతీరం:
పదమూడేళ్ళవారు తెచ్చి చూస్తే తెలుస్తుంది. యూట్యూబ్ చూసి క్లాసులు పీకడం తేలికే.

రీఫ్‌గురు:
యూట్యూబా? మీరు ట్యాంకు ఫొటో పెట్టండి, నేనూ పెడతాను. ఎవరిది యూట్యూబో తేలుతుంది.

ఉద్దానంకుర్రోడు:
ఫొటోలంటే గుర్తొచ్చింది. 2018లో తిత్లీ తుఫాను ముందురోజు తీసిన ఫొటో ఒక్కటే మిగిలింది నాకు. పలాస దగ్గర మా ఊరికి రోజుల తరబడి కరెంటు నేదు. ఇన్వర్టర్ మొదటి రాత్రే పోయింది. చెంబుతో నీళ్ళు ఎత్తిపోసుకుంటూ కూర్చున్నాం నేనూ మా తమ్ముడూ. ఆఖరికి బతికింది ఏటనుకున్నారు? డామ్సెల్! అందుకే దాన్ని తిడితే నాకు మనసొప్పదు.

కోటజంక్షన్:
బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొని పెట్టుకోండి, అందరూ.

పొందూరుపిల్ల:
పాపం అడిగినాయన్ని వదిలేశారు. అన్నయ్యా, రెండు లీటర్ల సీసా పైభాగం కోసి, మూతి లోపలికి ఉండేలా తిరగేసి బిగించండి. లోపల రొయ్యముక్క. ఒక రోజు ట్యాంకులో అలా వదిలేస్తే అలవాటుపడి అదే దూరుతుంది, రాళ్ళు కదపక్కర్లేదు. దాన్ని వేరే తొట్టిలో ఉంచి, రాళ్ళు మార్చి పేర్చి, వారం తర్వాత చిట్టచివర దించండి. అప్పుడు అదే కొత్తది. లైట్లార్పి దించండి. 40 గ్యాలన్లలో టాంగ్ మాత్రం వద్దు, దానికి ఈదడానికి చోటు కావాలి. తోక మొదట్లో కత్తి ఉంటుంది, మా బావగారి వేలు తెగింది.

రీఫ్‌గురు:
ఇదే నేను చెప్పబోతున్నాను.

కళింగతీరం:
అవునవును.

ఆర్ట్స్‌కాలేజీరోడ్:
థాంక్స్ చెల్లెమ్మా, సీసాలో నిన్న రాత్రి పడింది. బకెట్లో ఉంచాను. పొద్దున లేచి చూస్తే, ఇన్నాళ్ళూ మూల నక్కిన రెండో డామ్సెల్ ఆ రాయి మీద నిలబడి క్లౌన్లని తరుముతోంది. ఇంకో సీసా కోయమంటారా?