దేశంలో విషాదం జరిగినప్పుడు మన సీరియళ్లు ఏం చేశాయి?

హనుమకొండలో పీజీ చేస్తున్నాను, సెమినార్‌కి సాయం కావాలి. 2001 సెప్టెంబరు 11 దాడులైన మూడు వారాలకే, అక్టోబరు 3న, అమెరికా సీరియల్ 'ది వెస్ట్ వింగ్' అసలు కథ పక్కన పెట్టి ఒక ప్రత్యేక ఎపిసోడ్ వేసింది. ఇది కథలో భాగం కాదని నటులే ముందు వచ్చి చెప్తారు. తర్వాత వైట్‌హౌస్‌లో చిక్కుకుపోయిన స్కూలు పిల్లలు టెర్రరిజం గురించి ప్రశ్నలు అడుగుతుంటారు. నాకైతే క్లాసు పీకినట్టే అనిపించింది.

మన దగ్గర ఇలాంటిది వచ్చిందా? 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ పాత రామాయణం మళ్లీ వేసింది కానీ అది లెక్కలోకి రాదు. మా అమ్మనడిగితే, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, "రాజీవ్ గాంధీ చనిపోయినప్పుడు ఏడుపు సంగీతమే బిడ్డా" అంది.

తెలుగు సీరియల్లో పాత్రలే అలాంటి ఘటన గురించి మాట్లాడుకున్న ఎపిసోడ్ గుర్తుంటే, సీరియల్ పేరు, సుమారు ఏ సంవత్సరమో చెప్పరా? శుక్రవారం లోపయితే మరీ మేలు.