ఆప్టిప్లెక్స్ 9020లో జీటీఎక్స్ 1650: ఎస్‌ఎంపీఎస్ మార్చక తప్పదా?

సిస్టమ్_సిద్ధయ్య:
డెల్ ఆప్టిప్లెక్స్ 9020 మినీ టవర్, సెకండ్ హ్యాండ్‌ది. ఐ5-4590 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 290 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా), విండోస్ 10. ఇప్పుడున్న గ్రాఫిక్స్ కార్డు రేడియాన్ హెచ్‌డీ 8570, 1 జీబీ. దాన్ని తీసేసి 4 జీబీ జీటీఎక్స్ 1650 వేద్దామని ఆలోచన. 1080పీ వీడియో ఎడిటింగ్, అప్పుడప్పుడు గేమ్స్, అంతే పని.

షాపులో అడిగితే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ వేయకపోతే కార్డు కాలిపోతుందన్నారు. మూత తీసి చూస్తే బోర్డుకి వెళ్లే పెద్ద కనెక్టర్ 24 పిన్లది కాదు, 8 పిన్లదే. మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంది; కార్డు డీవీఐకి చిన్న ప్లగ్ తగిలించి నడిపిస్తున్నా. ఏది మార్చాలి, ఏది అక్కర్లేదు?

బోర్డు_మేస్త్రి:
ఎస్‌ఎంపీఎస్ జోలికి వెళ్లకండి. లెక్క చూడండి: ఐ5-4590 టీడీపీ (పూర్తి పనిలో లాగే పవర్ అంచనా) 84 వాట్లు, 1650ది 75. బోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్, ఫ్యాన్లు కలిపి ఇంకో 40 వేసుకున్నా 200 దగ్గర ఆగుతుంది. 290కి అదేం బరువు కాదు. కార్డు బాక్స్ మీద రాసే పెద్ద అంకె ఏ కంపెనీ ఎస్‌ఎంపీఎస్ వాడతారో తెలియక ముందుజాగ్రత్తకి రాసింది.

పైగా మీ మోడల్‌లో మామూలు ఎస్‌ఎంపీఎస్ నేరుగా ఎక్కదు. 24 పిన్ల నుంచి డెల్ 8 పిన్లకి మార్చే కేబుల్ విడిగా కొనాలి. ఇంతకుముందు వచ్చిన 7010 మినీ టవర్‌లో 24 పిన్లే ఉండేవి, అందుకే ఈ రెండింటికీ ఒకే సలహా ఇచ్చేస్తుంటారు.

చూడాల్సింది ఒక్కటే: కార్డుకి పైన 6 పిన్ల పవర్ సాకెట్ ఉండకూడదు, మీ ఎస్‌ఎంపీఎస్‌లో దానికి తగిలించే కేబుల్ లేదు. జీటీఎక్స్ 1650 పేరుతోనే రెండు రకాలూ దొరుకుతాయి. 1650 సూపర్ అయితే 100 వాట్లు, దానికి సాకెట్ తప్పనిసరి, మీకు పనికిరాదు. ఫొటోలో కార్డు పై అంచు చూసి నిర్ధారించుకున్నాకే డబ్బు కట్టండి. సింగిల్ ఫ్యాన్ పొట్టి కార్డే తీసుకోండి. రెండు ఫ్యాన్ల పొడుగు కార్డు డిస్క్ కేజ్‌నీ సాటా (హార్డ్ డిస్క్) కేబుళ్లనీ తన్నుతుంది.

లోబడ్జెట్_లోకేశ్:
6 పిన్లది తక్కువకి దొరికితే వదలొద్దు బ్రో. సాటా పవర్ నుంచి 6 పిన్లకి మార్చే కేబుల్ వంద, రెండొందలే. లేదంటే 1050 టీఐ తీసుకో, ఇంకా చవక.

బోర్డు_మేస్త్రి:
లోకేశ్, ఆ కేబుల్ సలహా ఎవరికీ ఇవ్వకు. సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకి మూడే పిన్లు, ఒక్కోటి 1.5 ఆంపియర్లు. మొత్తం 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. 6 పిన్ల సాకెట్ 75 వాట్ల దాకా అడగొచ్చు. ముందు వేడెక్కేది ఆ ప్లాస్టిక్ కనెక్టరే. పోతపోసిన రకమైతే లోపలే కరిగి పిన్లు షార్ట్ అవుతాయి. 9020లో ఇంకో చిక్కుంది: సాటా పవర్ ఎస్‌ఎంపీఎస్ నుంచి కాదు, మదర్‌బోర్డు మీది చిన్న సాకెట్ నుంచి వస్తుంది. అంటే కార్డు లాగే కరెంటంతా డిస్కుల కోసం వేసిన దారిలోనే పోవాలి. పోతే కేబుల్‌తో ఆగదు, బోర్డే పోతుంది.

1050 టీఐ కూడా 75 వాట్లే, పని చేస్తుంది. కానీ అది పాస్కల్ అనే పాత చిప్ తరం. ఎన్‌విడియా ఆ తరానికి గేమ్ రెడీ డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆపేసింది. ఇక 2028 అక్టోబరు దాకా సెక్యూరిటీ అప్‌డేట్లే. 1650 దాని తర్వాతి ట్యూరింగ్ తరం కాబట్టి ఆ కోతలో పడలేదు. పైగా సెకండ్ హ్యాండ్‌లో 1050 టీఐ పేరుతో బయోస్ మార్చిన పాత 550 టీఐలు, జీటీఎస్ 450లు తిరుగుతుంటాయి. సికింద్రాబాద్ సీటీసీ మార్కెట్‌లో కొంటే షాపు వాళ్ల ముందే, ఆన్‌లైన్‌లో కొంటే చేతికి రాగానే జీపీయూ-జెడ్ (కార్డు అసలు వివరాలు చూపే టూల్) నడిపి చూడాలి. నకిలీ అయితే పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. 1050 టీఐకి 768 షేడర్లు (చిప్‌లోని చిన్న లెక్కింపు కోర్లు), 1650కి 896 కనిపించాలి.

డిస్‌ప్లే_దుర్గ:
సిద్ధయ్య గారూ, మీకు అసలు అడ్డం మానిటరే. ఇప్పుడు వాడుతున్న ప్లగ్ డీవీఐ-ఐకి మాత్రమే పనికొస్తుంది. దాని మొన చూడండి: బల్లపరుపు పిన్ను చుట్టూ నాలుగు చిన్న పిన్లుంటాయి, వీజీఏ సిగ్నల్ వెళ్లేది వాటిలోనే. 1650లో డీవీఐ ఉన్నా డీవీఐ-డీ రకమే, ఆ నాలుగు రంధ్రాలు ఉండవు, ప్లగ్ దూరనే దూరదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే యాక్టివ్ కన్వర్టర్ కొనండి, లోపల చిప్ ఉండేది. లోపల ఉత్త వైర్లే ఉన్న కేబుల్ కొంటే బొమ్మ రాదు.

ఆర్ఎక్స్ 6400 కూడా చూస్తుంటే వద్దు. 53 వాట్లే గానీ అందులో వీడియో ఎన్‌కోడర్ లేదు, ఎడిటింగ్ ఎక్స్‌పోర్ట్ భారమంతా పాపం ఆ ఐ5 మీదే పడుతుంది. పైగా బోర్డుతో డేటా నడిచే దారులు (లేన్లు) నాలుగే, మీ బోర్డు పీసీఐఈ 3.0 కాబట్టి వేగమూ తగ్గుతుంది.

బిగించే ముందు సగం పని సాఫ్ట్‌వేర్‌దే. ఏఎమ్‌డీ నుంచి ఎన్‌విడియాకి మారుతున్నారు కాబట్టి సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్ తుడిచే టూల్‌తో పాత డ్రైవర్ తుడిచేయండి. తర్వాత సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ ఎదురుగా లెగసీ (పాత బూట్ పద్ధతి) అని ఉందా, యూఈఎఫ్ఐ (కొత్తది) అని ఉందా చూడండి; లెగసీలో కొత్త కార్డుకి తెర నల్లగా ఉండిపోవచ్చు. లెగసీ అయితే బ్యాకప్ తీసుకుని, విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో డిస్క్ పార్టిషన్ పద్ధతిని జీపీటీకి మార్చి, ఆపైన ఎఫ్2 నొక్కి బూట్ లిస్ట్‌ని యూఈఎఫ్ఐ చేయండి. ఈ వరస తిప్పేస్తే విండోస్ లేవదు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ లాక్) ఆన్‌లో ఉంటే ముందే సస్పెండ్ చేయండి, లేదంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. బయోస్ అప్‌డేట్ కూడా పాత కార్డు ఉండగానే చేసేయండి.

ఇక చేతిపని పది నిమిషాలు. ప్లగ్ పీకేసి పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుము తాకి, వెనక ప్లాస్టిక్ లాచ్ తెరవండి. కార్డు వదలకపోతే బలంగా లాగొద్దు, స్లాట్ చివర చిన్న కొక్కెం ఉంటుంది, అది నొక్కితేనే వస్తుంది. పొడుగు స్లాట్లు రెండున్నాయి: ఒకటే పూర్తి ఎక్స్16, రెండోది చూడ్డానికి అలాగే ఉన్నా లోపల నాలుగు లేన్లే. పాత కార్డు ఉన్న చోటే కొత్తది పెట్టండి. టక్ మని శబ్దం రావాలి, బంగారు రంగు అంచు సన్న గీతగా కూడా కనిపించకూడదు.

సిస్టమ్_సిద్ధయ్య:
అర్థమైంది, ధన్యవాదాలండీ ఇద్దరికీ. బిగించాక ఫ్యాన్ తిరిగినా తెర నల్లగానే ఉంటే ఎక్కడి నుంచి చూసుకోవాలి?

డిస్‌ప్లే_దుర్గ:
కేబుల్ బోర్డు మీది వీజీఏకి కాకుండా కార్డుకే ఉందా? కార్డు ఉంటే బోర్డు అవుట్‌పుట్ సాధారణంగా ఆగిపోతుంది. తర్వాత కన్వర్టర్ పక్కన పెట్టి, వేరే హెచ్‌డీఎంఐ టీవీకి తగిలించి చూడండి. అక్కడ బొమ్మ వస్తే తప్పు కార్డుది కాదు. అదీ రాకపోతే కార్డు తీసి మళ్లీ గుచ్చండి.

బోర్డు_మేస్త్రి:
అప్పటికీ రాకపోతే కార్డు తీసేసి, బోర్డు వీజీఏ మీద లేపి, బయోస్‌లో బూట్ లిస్ట్ మళ్లీ లెగసీకి పోయిందేమో చూడండి. ఇంత పాత సిస్టమ్‌లో బయోస్ సెట్టింగులు గుర్తుంచే సీఆర్2032 సెల్ అయిపోయి ఉంటుంది, ప్లగ్ పీకిన ప్రతిసారీ సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. అదే దెబ్బకి సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి; ఏహెచ్‌సీఐ, రెయిడ్ ఆన్ అని రకాలు) కూడా డెల్ అలవాటు ప్రకారం రెయిడ్ ఆన్‌కి వెళ్తుంది. విండోస్ ఏహెచ్‌సీఐలో వేసి ఉంటే ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అంటూ నీలం తెర వస్తుంది. అది చూసి కార్డు పోయిందనుకోవద్దు, ఫార్మాటూ కొట్టొద్దు. మళ్లీ అదే పెట్టడానికి సాటా మోడ్ ఇప్పుడే ఒక ఫొటో తీసి పెట్టుకోండి. కార్డుతో పాటే కొత్త సెల్ ఒకటి తెచ్చుకోండి.