గార్డ్‌లో నా పట్టు రెండు నిమిషాలు కూడా నిలవడం లేదు

తెల్లబెల్టు_41:
డాలస్‌లో ఉంటాను. జియుజిట్సు (నేలమీద పట్టుకుని చేసే కుస్తీ లాంటిది) మొదలుపెట్టి ఏడు నెలలైంది. కింద గార్డ్‌లో, అంటే వెల్లకిలా ఉండి కాళ్లతో అవతలివాణ్ణి ఆపుతున్నప్పుడు, ఒక చేత్తో అతని కాలర్, ఇంకో చేత్తో స్లీవ్ పట్టుకుంటాను. రెండు నిమిషాలకే ముంజేతులు రాళ్లయిపోతాయి. పైనున్నతను మోచెయ్యి ఒక్క గుంజు గుంజితే పట్టు ఊడిపోతుంది, వెంటనే మోకాళ్ల దగ్గర ప్యాంటు పట్టుకుని నా కాళ్లు పక్కకు తోసి, వాటిని దాటేసి పాస్ అయిపోతాడు. నిన్న ఒకే రౌండ్‌లో నాలుగుసార్లు ఇదే తంతు. పొద్దున ఆవకాయ సీసా మూత రాక మా ఆవిడకిచ్చాను. హ్యాండ్ గ్రిప్పర్ కొనమంటారా?

పాతచాప:
గ్రిప్పర్ వద్దన్నా. చెయ్యి వంచి దగ్గరకు లాక్కుంటున్నట్టున్నావు, అందుకే అలసట. గార్డ్ తెరువు, అంటే అతని నడుం చుట్టూ కాళ్లు బిగించి ఉంటే విప్పు. ఒక పాదం అతని తుంటి మీద, ఇంకోటి స్లీవ్ పట్టిన చేతి కండ మీద పెట్టి తన్ను. నీ చెయ్యి చాపే ఉండనీ. గుడ్డను బిగించేది కాలు, వేళ్లు కొక్కేల్లా ఉంటే చాలు. స్లీవ్ అంచు దగ్గర వదులు గుడ్డంతా గుప్పిట్లోకి పోగేసి పట్టుకో. వేళ్లు స్లీవ్ లోపలికి దూర్చావో, ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ జియుజిట్సు సమాఖ్య) పోటీల్లో ఫౌల్.

ఇక ప్యాంటు పట్టుకున్నాడా, చూస్తూ కూర్చోకు. ఆ చేతి స్లీవ్‌ని రెండు చేతులా పట్టి కదలకుండా ఆపి, కాలు గట్టిగా చాచి తన్ను. ఊడుతుంది. ఊడగానే అందరూ చేసే తప్పు, హమ్మయ్య అని స్లీవ్ వదిలేయడం. వదలకు! ఇప్పుడది నీ గ్రిప్.

చిన్నచేతులు:
నావి చిన్న చేతులు, బరువు 52 కిలోలు, క్లాసులో అందరూ నాకంటే బరువే. అన్నయ్యగారు చెప్పింది నిజమే గానీ, నా లెక్కలో అసలు గొడవ అంతకంటే ముందే మొదలవుతుంది. అవతలివాళ్లు రెండు చేతులూ వేసేదాకా ఆగితే నేనేం చేసినా లాభం లేదు. మొదటి చెయ్యి నా మోకాలి వైపు వస్తుండగానే మణికట్టు దగ్గర అందుకుంటాను. పోతోందనిపిస్తే వేళ్లు విరగ్గొట్టుకోకుండా నేనే వదిలేసి మళ్లీ పట్టుకుంటాను. మొండిగా వేలాడి ఉంగరం వేలు వాచి మూడు వారాలు టేపుతో తిరిగాను, అన్నం కలుపుకోవడం కూడా స్పూన్‌తోనే.

పార్ట్‌నర్‌ని అడిగి నిమిషం నిమిషం రౌండ్లు చేయండి. పాస్ లేదు, స్వీప్ (కిందనుంచి తిప్పి పైకి రావడం) లేదు, గ్రిప్‌ల కోసం కొట్లాట ఒక్కటే. మీ పేరులోని 41 వయసే అయితే, పోటీల్లో మీది మాస్టర్ 3 అనే వయసు వర్గం, అందులో తెల్లబెల్టు మ్యాచ్ 5 నిమిషాలే. ఊరికే కంగారు పడకండి.

తెల్లబెల్టు_41:
ఇవాళ ప్రయత్నించాను. కాలు చాచి తన్నితే ప్యాంటు పట్టు నిజంగానే ఊడింది! స్లీవ్ కూడా వదల్లేదు. ఆ సంబరంలో పాదం తుంటి మీద పెట్టడం మర్చిపోయాను, అటువైపు నుంచే పాస్ అయిపోయాడు.

పాతచాప:
నిన్న నాలుగు, ఇవాళ ఎన్ని?

తెల్లబెల్టు_41:
రెండు.