4హెచ్ లైటు వెలుగుతోంది, ముందు చక్రాలు లాగట్లేదు: మాన్యువల్ హబ్బులకి మారిపోవాలా?

మధురవాడ పికప్
మాది 2009 మోడల్ డబుల్ క్యాబ్ డీజిల్ పికప్. డాష్‌బోర్డు మీద 2హెచ్ (వెనక చక్రాలే లాగేది), 4హెచ్ (నాలుగూ లాగేది), 4ఎల్ (నాలుగూ నెమ్మదిగా, బలంగా లాగేది) అని తిప్పే స్విచ్చి ఉంటుంది, ముందు హబ్బులు (చక్రాన్ని దాని షాఫ్ట్‌తో కలిపే భాగాలు) వాక్యూమ్‌తో, అంటే పైపుల్లోంచి గాలి లాగేస్తే, లాక్ అయ్యే రకం. మొన్న మిరియాల బస్తాల కోసం పాడేరు దాటి హుకుంపేట వైపు వెళ్తే వానకి మట్టిరోడ్డులో దిగబడిపోయింది. 4హెచ్ పెట్టాను, లైటు నిలకడగా వెలిగింది, కానీ వెనక చక్రాలే గిర్రున తిరుగుతున్నాయి తప్ప ముందువి చలనం లేదు. 4ఎల్‌లోనూ అంతే. చివరికి ఊళ్లోవాళ్లు ట్రాక్టరు కట్టి లాగారు. ఇక్కడికి, విశాఖకొచ్చి ఒక మెకానిక్‌కి చూపిస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి బలం పంచే గేరుపెట్టె) మీదుండే షిఫ్ట్ మోటారు పోయింది, 28,000 అవుతుంది అన్నాడు. మా బావేమో ఆ వాక్యూమ్ గోలంతా పీకించేసి చేత్తో తిప్పుకునే హబ్బులు వేయించు, పీడా పోతుంది అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

కంచరపాలెం జీపు
మీ బావ చెప్పిందే రైటు. ఈ ఉప్పుగాలికి ఇంట్లో గేటు ఊచలే నిలవట్లేదు, ఇంక రబ్బరు పైపులు, సోలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) కనెక్షన్లు ఏం నిలుస్తాయి బాబూ? అమెరికాలో వార్న్ వాళ్లు యుద్ధం అయ్యాక మిగిలిపోయిన జీపుల కోసం 1948లో ఈ చేతి హబ్బులు మొదలుపెట్టారు, ఇవాళ్టికీ అదే పద్ధతి నడుస్తోంది. నా జీపుకి వేసి పదిహేనేళ్లయింది, గ్రీజు తప్ప ఖర్చు లేదు.

డీజిల్ పంతులు
జీపన్నా, జబ్బేంటో తేలకుండా ఆపరేషన్ ఎందుకు? మధురవాడ తమ్ముడూ, ఒక్క మాట గుర్తు చేసుకుని చెప్పు. 4ఎల్ పెట్టినప్పుడు ఇంజన్ గట్టిగా అరుస్తున్నా వెనక చక్రాలు మామూలు ఫస్ట్ గేరు కంటే బాగా నెమ్మదిగా తిరిగాయా?

మధురవాడ పికప్
అవును పంతులుగారూ, చాలా నెమ్మది. ట్రాక్టరు లాగేటప్పుడు కూడా 4ఎల్‌లోనే ఉంచాను, బండి పాకుతున్నట్టు కదిలింది.

డీజిల్ పంతులు
అయితే మోటారు బతికే ఉంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌ని 4ఎల్‌లోకి తోసేది ఆ మోటారే, అది చచ్చిపోతే బండి అలా పాకదు. లైటు నమ్మకండి, చాలా బళ్లలో అది ట్రాన్స్‌ఫర్ కేస్ మారిందని చెప్తుందే గానీ హబ్బు పట్టిందా లేదా అనేది దానికి తెలీదు.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. చదును నేల మీద వెనక చక్రాలకి రాళ్లు వేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. ముందు 2హెచ్‌లో, ఇంజన్ ఆపేసి, ముందువైపు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందు ఎక్సెల్‌కి వెళ్లే పొడవాటి కడ్డీ) చేత్తో తిప్పండి, తిరగాలి. బండిని 4హెచ్‌లోకి మార్చి నాలుగడుగులు నడిపి ఆపి, ఇంజన్ కట్టేసి మళ్లీ తిప్పండి. ఈసారి కదలకూడదు, ఎందుకంటే అది వెనక షాఫ్ట్‌తో కలిసిపోయింది, వెనక చక్రాలు నేలకి బిగిసి ఉన్నాయి. కదల్లేదంటే ట్రాన్స్‌ఫర్ కేస్ బాగున్నట్టే, 28,000 మిగిలినట్టే.

ఇప్పుడు హబ్బుల సంగతి. కుడి ముందు చక్రం జాకీ మీద లేపి, స్టాండు పెట్టి, సీట్లో ఒకరిని కూర్చోబెట్టి ఇంజన్ ఆన్ చేయించండి, లేకపోతే వాక్యూమ్ రాదు. బండి కిందకి మాత్రం దూరకండి, చక్రం పక్క నుంచే చూడండి. 4హెచ్‌లో ఆ చక్రం చేత్తో తిప్పితే తిరగకూడదు. తిరిగిందంటే లోపలి ఎక్సెల్ షాఫ్ట్ వైపు చూడండి. చక్రం తిరుగుతూ షాఫ్ట్ నిలబడి ఉంటే ఈ వైపు హబ్బే పట్టలేదు. షాఫ్ట్ కూడా చక్రంతో పాటు తిరుగుతుంటే ఇది బాగానే ఉంది, ఎడమది పట్టలేదు. ముందున్నది మామూలు డిఫరెన్షియల్ (కుడి, ఎడమ చక్రాలకి బలం పంచే గేర్లు) కాబట్టి ఒక్క హబ్బు వదిలేసినా బలమంతా అటే జారిపోతుంది, రెండు చక్రాలూ పనిచెయ్యవు. ఇది తెలియకే చాలామంది రెండు వైపులా విప్పించి డబ్బులు తగలేస్తారు.

సీతమ్మధార స్కూటర్
సందులో సందు, ఒక డౌట్. మాన్యువల్ హబ్బులు లాక్ చేసి తారురోడ్డు మీద వెళ్తే ముందు ఎక్సెల్ విరిగిపోతుందని మా ఫ్రెండు అన్నాడు, నిజమేనా?

కంచరపాలెం జీపు
కాదు. స్విచ్చి 2హెచ్‌లో ఉంటే హబ్బు లాక్ చేసినా షాఫ్టులు ఊరికే తిరుగుతాయంతే, కాస్త డీజిల్ ఎక్కువ తాగుతుంది. పొడి తారు మీద 4హెచ్‌లో మలుపులు తిరగడమే తప్పు. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మలుపులో వేగం తేడా వస్తుంది, మధ్యలో దాన్ని సర్దేది ఏమీ లేదు, షాఫ్టులన్నీ మెలిపడతాయి.

అనంతగిరి బాబాయ్
జీపు గారూ, మీరు చెప్పనిది నేను చెప్తా. చేతి హబ్బులు నాకూ ఉండేవి. అనంతగిరి ఘాట్ దిగువన రాత్రి తొమ్మిదింటికి వాన, మోకాలు లోతు బురద, అందులో దిగి చక్రం దగ్గర కూర్చుని డయల్ తిప్పాను, ఒకటి తిరిగింది, రెండోది బురదకి బిగిసిపోయింది. కటింగ్‌ప్లేరు పెట్టి తిప్పాల్సొచ్చింది. పైనుంచి మా ఆవిడ టార్చి పట్టుకుని "ఏటండీ, ఇంకా అవలేదా" అని మూడుసార్లు అడిగింది. స్విచ్చి తిప్పితే పడిపోయే సుఖాన్ని వదులుకోమనకండి.

కంచరపాలెం జీపు
బురదలోకి దిగాక కాదు, దిగకముందే లాక్ చేసుకోవాలి బాబాయ్.

అనంతగిరి బాబాయ్
అంత ముందుచూపు ఉంటే ఆ రాత్రి ఆ రోడ్డుకే వెళ్లను కదా.

మధురవాడ పికప్
ఆదివారం బావని సీట్లో కూర్చోబెట్టి టెస్టు చేశాను. ప్రొపెల్లర్ షాఫ్ట్ 4హెచ్‌లో కదల్లేదు. కుడి చక్రం తిప్పితే షాఫ్ట్ కూడా తిరిగింది, అంటే ఎడమ హబ్బే. అటు వెళ్లే వాక్యూమ్ పైపు ఒకచోట రాసుకుని చీలిపోయి ఉంది, మార్చాను. అయినా పట్టలేదు. హబ్బు విప్పితే లోపల గ్రీజు మైనంలా గట్టిపడింది, అంచులకి తెల్లటి పొట్టు. ఈ బండి పాత ఓనరు భీమిలిలో ఇసుక మీద పడవలు లాగించేవాడట, ఇప్పుడు తెలిసింది.

డీజిల్ పంతులు
అదీ సంగతి. కిరసనాయిలుతో కడిగి, బాగా ఆరాక గ్రీజు పల్చగా రాయండి, దట్టిస్తే మళ్లీ అదే కథ. అప్పటికీ పట్టకపోతే నకిల్ (ముందు చక్రం స్టీరింగుతో తిరిగే కీలు) దగ్గర వాక్యూమ్ సీలు చూడండి. నెలకోసారైనా మట్టిదారిలో 4హెచ్ పెట్టి కాసేపు నడపండి, వాడకపోతే బిగుసుకుపోతుంది.

కంచరపాలెం జీపు
ఇంకో వానాకాలం ఆగండి, మళ్లీ ఇక్కడికే వస్తారు.

మధురవాడ పికప్
కడిగాను, పట్టింది! రుషికొండ వెనక మట్టిదారిలో చూశాను, ముందు చక్రాలు మట్టి ఎగజిమ్ముతున్నాయి. కానీ కొత్త టెన్షన్. నాతో చెప్పకుండా బావ పాత సామాన్ల కొట్లో ఒక జత మాన్యువల్ హబ్బులు కొనేశాడు.

డీజిల్ పంతులు
ముందు స్ప్లైన్ పళ్లు (షాఫ్ట్ హబ్బులో ఇమిడే గాళ్లు) లెక్కపెట్టండి, మీ ఎక్సెల్‌కి సరిపోకపోతే అవి పేపర్‌వెయిట్లే. ఎప్పుడైనా వేయించినా మిగిలిపోయే వాక్యూమ్ పైపుల మూతులు మాత్రం గట్టిగా మూయించండి. ఆ వాక్యూమ్ పంపు మీదే బ్రేకు బూస్టరు (పెడలు తేలిగ్గా తొక్కనిచ్చేది) కూడా నడుస్తోంది, పైపు తెరిచి వదిలేస్తే పెడలు రాయిలా అయిపోతుంది.

మధురవాడ పికప్
నాది 27 పళ్లు. బావ తెచ్చినవి ఇరవయ్యో ఇరవయ్యొకటో, తుప్పులో సరిగ్గా కనపడట్లేదు. ఆయనింకా లెక్కపెడుతూనే ఉన్నాడు.