గసెట్ కుడితే చివర్లో మూడు బెజ్జాలు మిగిలిపోతున్నాయి, ఎక్కడ తప్పు?

సూది_దారం:
అందరికీ నమస్తే. చేత్తో లెదర్ పని ఈ మధ్యే మొదలుపెట్టాను, పర్సులు, కార్డ్ హోల్డర్లు బానే వచ్చాయి, ఇప్పుడు మొదటిసారి గసెట్ (ముందూ వెనకా ప్యానెళ్ళని కలిపే పక్క పట్టీ) ఉన్న బ్యాగ్ చేస్తున్నా. ముందూ వెనకా ప్యానెళ్ళు 30 సెం.మీ. వెడల్పు, 22 ఎత్తు, కింది మూలలు రెండూ 4 సెం.మీ. రేడియస్‌తో గుండ్రంగా కోశా. గసెట్ ఒకటే పొడుగు పట్టీ, ఒక పక్క నుంచి దిగి అడుగు మీదుగా రెండో పక్కకి ఎక్కుతుంది. ప్యానెల్ అంచు వెంబడే టేపు తిప్పి కొలిస్తే 70.5 వచ్చింది, పట్టీ సరిగ్గా అంతే కోసి, రెండిటికీ అంచు నుంచి 4 మి.మీ. లోపలికి గీత గీసి, 4 మి.మీ. ఎడంగా పళ్ళుండే ప్రికింగ్ ఐరన్‌తో విడివిడిగా బెజ్జాలు కొట్టేశా. ఒక పై చివర నుంచి కుట్టుకుంటూ పోతే రెండో చివరకి వచ్చేసరికి గసెట్‌లో మూడు బెజ్జాలు ఎక్కువున్నాయి. మొత్తం విప్పి మళ్ళీ కుట్టా, మళ్ళీ మూడే. మూలల దగ్గర పట్టీ సరిగ్గా వంగట్లేదు కూడా. రెండూ 2 మి.మీ. వెజ్ టాన్ (చెట్ల బెరడు లాంటివాటితో పదును చేసిన తోలు). ఎవరికైనా ఇలా అయిందా?

తోలుపని:
రెండోసారి కూడా మూడే మిగిలాయన్నారు కదా, అంటే మీ చేతిలో తప్పేం లేదండీ, కొలతలోనే ఉంది. మీరు కొలిచింది అంచు, కుట్టేదేమో గీత మీద. తిన్నగా ఉన్నచోట రెండూ ఒకటే పొడుగు, మూల తిరిగేచోట మాత్రం అంచు రేడియస్ 40 మి.మీ. అయితే గీత రేడియస్ 36. రెండు మూలలూ కలిస్తే అర్ధవృత్తం, కాబట్టి తేడా 3.14 ఇంటూ 4, పన్నెండున్నర మి.మీ. మీ 4 మి.మీ. బెజ్జాలకి అది మూడు! పట్టీ తిన్నగా ఉంటుంది కాబట్టి దాని అంచూ గీతా ఒకటే పొడుగు, అందుకే అందులో ఎక్కువ పడ్డాయి. మీకు కావల్సింది 69.3 సెం.మీ. నేనైతే లెక్క కూడా వెయ్యను, కుట్టు గీత మీద దారం పరిచి కొలుస్తా, గసెట్ మాత్రం రెండు చివర్లా 2 సెం.మీ. ఎక్కువే ఉంచి అంతా కుట్టాక కోస్తా.

ఇంకోటి, పై చివర నుంచి ఎప్పుడూ మొదలెట్టకండి. ప్యానెల్ అడుగు మధ్యలో ఒక గుర్తు, పట్టీ మధ్యలో ఒక గుర్తు, రెండూ కలిపి అక్కడి నుంచి రెండు వైపులా పైకి రండి. కాస్త తేడా వచ్చినా రెండు పక్కలకీ సమానంగా పోతుంది.

నిదానంగా:
వంగకపోవడానికి కారణం మందం. ప్యానెల్ 2 ఉంటే గసెట్ 1.2 నుంచి 1.5 చాలు, అది కూడా కుట్టుపడే అంచు ఒక సెంటీమీటరు మేర 1 మి.మీ. దాకా స్కైవింగ్ చేసుకోవాలి, అంటే కత్తితో పల్చగా చెక్కుకోవాలి. మూల దగ్గర గసెట్ అంచు బయటికి విచ్చుకోవాలి కదా, మందంగా ఉంటే సాగదు. వెజ్ టాన్ కాబట్టి ఆ భాగం తడపండి, తడపగానే నల్లబడుతుంది, అప్పుడే వంచొద్దు, ఆగితే పైన అసలు రంగు మెల్లగా తిరిగి రావడం మొదలవుతుంది, లోపల ఇంకా చల్లగా తగులుతుంది, సరిగ్గా అప్పుడు అదే రేడియస్ ఉన్న చెక్క ముక్క మీద వంచి క్లిప్పులు పెట్టి రాత్రంతా వదిలెయ్యండి. క్లిప్పు కింద తోలు ముక్క పెట్టడం మర్చిపోకండి, తడి తోలు మీద గోరు గుర్తు కూడా ఉండిపోతుంది. క్రోమ్ టాన్ (క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు) అయితే ఇలా ఆకారం నిలబడదు.

ఆరె_మొన:
అసలు గసెట్‌కి ముందే బెజ్జాలు ఎందుకు కొట్టడం? ప్యానెల్‌కి మాత్రమే కొట్టి, మూలల్లో రెండు పళ్ళ ఐరన్ వాడి, తర్వాత అంచు 5 మి.మీ. మేర గమ్ పెట్టి రెండూ అతికించి, ప్యానెల్ బెజ్జంలోంచే ఆరె (తోలుకి బెజ్జాలు పొడిచే పనిముట్టు) దింపితే గసెట్‌లో బెజ్జం దానంతటదే సరైన చోట పడుతుంది. లెక్క తప్పే సమస్యే ఉండదు.

తోలుపని:
నిజమే, నేను కూడా అలాగే చేస్తా, కానీ ఆరె నిటారుగా దింపడం అలవాటు కాకపోతే అవతలి వైపు కుట్టు వంకర్లు పోతుంది. మొదటి బ్యాగ్‌కి బెజ్జాలు లెక్కపెట్టుకోవడమే నయమని నా అభిప్రాయం. రెండు పక్కలా మధ్య నుంచి పైదాకా ఎన్నో రాసుకుని, గసెట్‌కి అన్నే కొట్టండి.

సూది_దారం:
చాలా థాంక్సండీ అందరికీ. పాత పట్టీకి బెజ్జాలు పడిపోయాయి కాబట్టి పక్కన పెట్టేశా, 1.4 మి.మీ. తోలులో కొత్తది 74 కోసి, మూలలు తడిపి వంచి, మధ్య నుంచి కుట్టా. ముందు ప్యానెల్ అయిపోయింది, రెండు చివర్లా బెజ్జానికి బెజ్జం కలిసింది, ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను! ఇప్పుడు వెనక ప్యానెల్, బ్యాగ్ మెలి తిరగకుండా ఏం చూసుకోవాలి?

నిదానంగా:
గసెట్ మీద ముందు ప్యానెల్ మధ్య గుర్తు నుంచి మూలమట్టం పెట్టి అడ్డంగా గీత లాగండి, అవతలి అంచుకి అది తగిలినచోటే వెనక ప్యానెల్ మధ్య గుర్తు రావాలి. మూలలు మొదలయ్యేచోటా అయిపోయేచోటా కూడా అలాగే గీసుకోండి. గమ్ పెట్టకముందు క్లిప్పులతో చుట్టూ పట్టించి బ్యాగ్ బల్ల మీద నిలబెట్టి చూడండి, మెలి ఉంటే అప్పుడే తెలిసిపోతుంది, గమ్ ఆరాక సర్దడం కష్టం.